చిలుకచేపలు సొంత కుటుంబమా, రాస్ చేపల్లో ఒక కొమ్మా?

తర్వాత చదివేవాళ్ళకు వీలుగా ఉంటుందని మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. పగడపు దిబ్బల చేపల మీద మీ దగ్గరున్న ఒక పుస్తకంలో, చిలుక ముక్కులాంటి నోరుండే చిలుకచేపలను స్కారిడే అనే సొంత కుటుంబంగా చూపించారు. ఇంకో చోట అవే చేపలు రాస్ చేపల కుటుంబమైన లాబ్రిడేలో ఒక భాగంగా కనిపించాయి. ఏది సరైనది, ఈ మార్పు ఎప్పుడు ఎందుకు వచ్చింది, ఈ చేపలు ఎప్పుడు పుట్టుకొచ్చాయి, పాత పుస్తకాల్లో ఒకే చేపకు రెండు మూడు పేర్లు ఎందుకున్నాయి అని అడిగారు. నెపోలియన్ రాస్, నుదుట బుడిపె ఉండే పెద్ద చిలుకచేప రెండూ ఒకటేనా అన్నది ఆఖరి సందేహం.

ముందు సూటిగా జవాబు. చిలుకచేపలు రాస్ చేపలే. ఇందులో ఇప్పుడు పెద్దగా వివాదం లేదు. అలాగని స్కారిడే అని రాసిన పుస్తకాన్ని తీసి పారేయక్కర్లేదు. ఏ చేపకు ఏది దగ్గరి చుట్టమన్నది ఒక ప్రశ్న, ఆ చుట్టరికంలో ఎక్కడ గీత గీసి "ఇది కుటుంబం" అనాలన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి ఎముకలు, శిలాజాలు, డీఎన్‌ఏ జవాబిస్తాయి. రెండోది మనుషులు తమ సౌలభ్యం కోసం చేసుకున్న ఏర్పాటు.

నేను చాలా ఏళ్ళుగా చేపల అస్థిపంజరాలు శుభ్రం చేసి, లేబుళ్ళు రాసి భద్రపరిచే పనిలో ఉన్నాను కాబట్టి ఎముకల వైపు నుంచే వస్తాను. అందుకు ఇంకో కారణమూ ఉంది. ఈ చేపల వర్గీకరణలో పండితులు రెండుసార్లు దారి తప్పారు, రెండుసార్లూ నోటి దగ్గరే తప్పారు. గొంతులోని ఎముక చూసి సంబంధం లేని చేపలను ఒకే గుంపులో చేర్చారు. నోట్లోని పళ్ళు చూసి సొంత చుట్టాన్ని గుంపులోంచి బయటికి పంపారు. ఈ రెండూ అర్థమైతే మిగతాదంతా సులువు.

గొంతు ఎముకతో మొదలుపెడదాం. ఎముకలున్న చేపలకు సాధారణంగా బయటికి కనిపించే దవడలు కాక, మొప్పల వెనక గొంతులో ఇంకో జత దవడలుంటాయి. చాలా చేపల్లో అవి ఆహారాన్ని పట్టి లోపలికి నెట్టడానికి మాత్రమే పనికొస్తాయి. రాస్ చేపల్లో అవి నమిలే యంత్రంగా మారాయి. మార్పులు ముఖ్యంగా మూడు. కింది వైపు కుడి ఎడమ ఎముకలు రెండూ అతుక్కుపోయి ఒకే ఎముక అయ్యాయి. పై ఎముకలు నేరుగా పుర్రె అడుగుభాగానికి ఆని కదులుతాయి. కింది ఎముకను పుర్రె నుంచి వేలాడే కండరం ఒకటి పైకి లాగి పట్టుకుంటుంది. దీంతో నత్తగుల్లలు, పీతల పెంకులు గొంతులోనే పగిలిపోతాయి. ముందు దవడలకు నమిలే బాధ్యత తప్పింది కాబట్టి అవి వేట పనికి రకరకాలుగా మలుచుకునే వీలు దొరికింది.

స్కారస్ ప్రజాతికి చెందిన ఒక చిలుకచేప తలను శుభ్రం చేసి గొంతు ఎముకలు విడదీస్తే చేతికి మూడు ముక్కలు వస్తాయి. కిందిది ఒకటే, మధ్యలో పల్లంగా ఉంటుంది. దాని మీద పళ్ళు వరుస వెనక వరుసగా పేర్చి ఉంటాయి. పైవి రెండు, పక్కపక్కనే ఇమిడిపోయి కింది వైపు ఉబ్బెత్తుగా ఉంటాయి. వాటి పైభాగం పుర్రె అడుగున ఆనుకుని ముందుకూ వెనక్కూ జారుతుంది. పళ్ళ మీద వేలు పెట్టి తడిమితే ఒక అంచున కొత్త పళ్ళు గరుకుగా గుచ్చుకుంటాయి, రెండో అంచుకు వచ్చేసరికి అరిగి నున్నగా జారిపోతాయి. పై ముక్కలను కింది పల్లంలో ఉంచి చేత్తో జరిపి చూస్తే అది తిరగలి అని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. రాయి, నాచు, ఇసుక అన్నీ కలిసి ఇందులో పిండి అవుతాయి. వీటికి నిజమైన జీర్ణాశయం లేదు. గొంతులో మెత్తగా నూరినది సరాసరి పేగులోకి వెళ్తుంది. స్కారోస్ అనే చేప పశువులా నెమరు వేస్తుందని అరిస్టాటిల్ రాశాడు. ఆయన చూసింది మధ్యధరా సముద్రపు చిలుకచేపనే అయ్యుండాలి. గొంతు కదలడం చూసినవాడికి అలా అనిపించడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు మొదటి దారి తప్పడం. ఇలాంటి గొంతు దవడే తిలాపియా వంటి సిక్లిడ్ చేపల్లో ఉంది, క్లౌన్ చేపలుండే డాంసెల్ కుటుంబంలో ఉంది, ఉత్తర పసిఫిక్ తీరాల సర్ఫ్‌పెర్చ్ చేపల్లోనూ ఉంది. 1840ల్లోనే జర్మన్ శరీరనిర్మాణ శాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ గొంతు ఎముక అతుక్కుపోయిన చేపలన్నిటినీ ఒకే పెద్ద గుంపుగా చేశాడు. తర్వాత ఆ గుంపు రకరకాలుగా చెదిరినా, 1982లో లెస్ కాఫ్‌మన్, కారెల్ లీమ్ మళ్ళీ దాన్ని గట్టి పునాది మీద నిలబెట్టారు. రాస్, సిక్లిడ్, డాంసెల్, సర్ఫ్‌పెర్చ్ చేపలన్నీ ఒకే పూర్వీకుడి సంతానమని, గొంతు దవడే దానికి సాక్ష్యమని వాళ్ళ వాదన. వాదన బలంగానే ఉంది. ఇంత చిక్కైన నిర్మాణం, మూడు మార్పులూ కలిసి, వేర్వేరుగా మళ్ళీ మళ్ళీ పుడతాయని ఎవరనుకుంటారు? నిర్మాణం ఎంత సంక్లిష్టమైతే అది ఒక్కసారే పుట్టి ఉండే అవకాశం అంత ఎక్కువ అన్న నమ్మకం మీద చేపల వర్గీకరణ చాలా భాగం నడిచింది.

డీఎన్‌ఏ ఆ నమ్మకాన్ని వమ్ము చేసింది. 1990ల చివర్లో తొలి అనుమానాలు వచ్చాయి. 2007లో జపాన్ పరిశోధకుల బృందం మైటోకాండ్రియా జన్యువులు మొత్తం పోల్చి, రాస్ చేపలు ఒక వైపు, సిక్లిడ్, డాంసెల్, సర్ఫ్‌పెర్చ్‌లు మరో వైపు పడతాయని చూపించింది. 2012లో పీటర్ వైన్‌రైట్ తోటివారితో కలిసి మరిన్ని జన్యువులతో లెక్కగట్టి, ఇలాంటి గొంతు దవడ కనీసం ఆరుసార్లు విడివిడిగా పుట్టిందని తేల్చాడు. సిక్లిడ్, డాంసెల్, సర్ఫ్‌పెర్చ్ చేపలు ఒవలెంటేరియా అని అప్పుడే పేరు పెట్టిన మరో మహాగుంపులో చేరాయి. మల్లెట్ చేపలు, ఎగిరే చేపలు అందులోనివే. గుడ్డును రాయికో ఆకుకో అతికించుకునే అలవాటు ఆ గుంపులో విరివిగా కనిపిస్తుంది. పగడపు దిబ్బల మీద తిరిగే చాలా రాస్ చేపలు, చిలుకచేపలు మాత్రం గుడ్లను నీళ్ళలో తేలిపోయేలా వదిలేస్తాయి. ఈ తేడా అంతకుముందు కూడా అందరి కళ్ళ ముందే ఉంది. గొంతు ఎముక మీద గురి ఉన్నంతసేపు దానికి విలువ రాలేదు.

రెండోది, అంటే చిలుకచేపలను బయటికి పంపడం, నాకు ఇంకా విచిత్రంగా కనిపిస్తుంది. ఎందుకంటే తొలితరం వాళ్ళు వాటిని లోపలే ఉంచారు. స్కారిడే అన్న పేరు పాతదే, 1810లో రఫినెస్క్ అనే ప్రకృతి శాస్త్రవేత్త పెట్టినది. కానీ 1840లో వలెన్‌సియెన్, 1862లో బ్రిటిష్ మ్యూజియం చేపల జాబితా రాసిన గుంథర్ కూడా చిలుకచేపలను లాబ్రిడే లోపలే ఒక ఉపగుంపుగా పెట్టారు. తర్వాతి తరాలకు, పళ్ళు అతుక్కుపోయి ఏర్పడ్డ ఆ చిలుక ముక్కు మరీ ప్రత్యేకంగా అనిపించింది. ముక్కులాంటి దవడ, గొంతులో నూరే పళ్ళు, రాయి కొరికే తిండి, ఇన్ని తేడాలున్నవాటిని మామూలు రాస్ చేపలతో కలిపి ఉంచడమేమిటని విడదీశారు. 20వ శతాబ్దపు పుస్తకాలన్నీ దాదాపు ఆ దారిలోనే నడిచాయి.

విడదీయడం వల్ల వచ్చిన చిక్కు 2005లో బాగా బయటపడింది. మార్క్ వెస్ట్‌నీట్, మైకేల్ ఆల్ఫారో 80కి పైగా జాతుల నుంచి నాలుగు జన్యువులు తీసుకుని రాస్ వంశవృక్షం గీశారు. చిలుకచేపలు ఆ వృక్షం మధ్యలో, కీలైనస్ వంటి రాస్‌ల పక్కన పడ్డాయి. అంటే కీలైనస్‌కు దగ్గరి చుట్టం చిలుకచేపే. ఐరోపా తీరాల్లో ఉండే లాబ్రస్ దానికి దూరపు చుట్టం. కుటుంబానికి పేరు ఇచ్చింది లాబ్రస్సే కావడం ఇక్కడ తమాషా. నేటి వర్గీకరణలో ఒక నియమం ఉంది. ఒక గుంపుకు పేరు పెడితే ఆ పూర్వీకుడి సంతానమంతా అందులో ఉండాలి, ఎవరినీ బయట వదలకూడదు. దగ్గరి చుట్టాన్ని బయట పెట్టి దూరపు చుట్టాన్ని లోపల ఉంచుకుంటే ఆ కుటుంబం ఈ నియమానికి నిలవదు. 2023లో వెస్ట్‌నీట్ బృందమే చాలా పెద్ద జన్యు సమాచారంతో ఈ వృక్షాన్ని మళ్ళీ పరీక్షించింది. అప్పుడూ చిలుకచేపలు రాస్‌ల లోపలే ఉన్నాయి. ఇంత డీఎన్‌ఏ చదివాక మనం వచ్చి చేరింది సరిగ్గా గుంథర్ పెట్టిన చోటికే.

ముక్కును నమ్ముకోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంకో గుంపు చాలు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ చల్లని నీళ్ళలో ఒడాక్స్, దాని బంధువులు ఉంటాయి. వాటి పళ్ళు కూడా అతుక్కుపోయి ముక్కులా తయారయ్యాయి. వాటినీ ఒడాసిడే అనే సొంత కుటుంబంగా లెక్కపెట్టేవారు, చిలుకచేపల పక్కనే కూర్చోబెట్టేవారు. జన్యువులు చూస్తే అవి రాస్ వృక్షంలో వేరే కొమ్మ మీద, కీరోడాన్ అనే కోరల రాస్‌లుండే వైపు తేలాయి. అంటే రాస్ చేపల్లో ముక్కు ఒకసారి కాదు, వేర్వేరుగా పుట్టింది.

చిలుకచేపల్లోనే ఆ ముక్కు అన్నిటికీ ఒకేలా లేదు. కలోటోమస్, నికోల్సినా, క్రిప్టోటోమస్ ప్రజాతుల్లో పళ్ళు పూర్తిగా అతుక్కోలేదు, ఒకదానిమీద ఒకటి ఒరిగిన విడి పళ్ళను ఇప్పటికీ లెక్కపెట్టవచ్చు. స్కారస్, క్లోరూరస్‌లకు వచ్చేసరికి గట్టి పలకలయ్యాయి. క్లోరూరస్ మైక్రోరైనస్ ముక్కును 2017లో ఎక్స్‌రేలతో పరిశీలించారు. అందులో సుమారు 1,000 పళ్ళు 15 వరుసల్లో బిగిసి ఉన్నాయి. వాటిలోని ఫ్లోరపటైట్ అనే గట్టి ఖనిజపు స్ఫటికాలు నేత నేసినట్టు పెనవేసుకుని ఉన్నాయి. ముందు వరుస అరిగి రాలిపోతే వెనక వరుస ముందుకు వస్తుంది. స్కారస్, క్లోరూరస్‌లలో కింది దవడ మధ్యలో అదనంగా ఒక కీలు కూడా ఉంది. దవడే మధ్యలో మడుచుకోగలగడం వల్ల గుండ్రటి రాతి మీద కూడా పలక మొత్తం ఆనుతుంది.

చిలుకచేపల లోపలి వర్గీకరణ ఇప్పుడు చాలావరకు కుదురుకుంది. దాదాపు 100 జాతులు, 10 ప్రజాతులు. డేవిడ్ బెల్‌వుడ్ 1994లో ఎముకలు, కండరాలు ఒక్కొక్కటీ పోల్చి ప్రజాతులన్నీ సరిచూశాడు. ఆ పని ఈనాటికీ పనికొస్తుంది. వృక్షం మొదట్లోనే రెండుగా చీలుతుంది. ఒక వైపు సముద్రగడ్డి పచ్చికలతో అనుబంధమున్న స్పారిసోమా, కలోటోమస్, లెప్టోస్కారస్, నికోల్సినా, క్రిప్టోటోమస్. రెండో వైపు పగడపు దిబ్బల మీద స్థిరపడ్డ స్కారస్, క్లోరూరస్, హిప్పోస్కారస్, సీటోస్కారస్, బోల్బోమెటోపోన్. స్కారస్ ఒక్కటే 50కి పైగా జాతులతో అన్నిటికంటే పెద్దది. బోల్బోమెటోపోన్‌లో ఉన్నది ఒకే ఒక్క జాతి. దానికి దగ్గరి చుట్టం సీటోస్కారస్. చెంప మీద పొలుసుల వరుసలు లెక్కపెడితే చాలాసార్లు ఏ వైపుదో తెలిసిపోతుంది: స్పారిసోమాకు ఒకే వరుస, స్కారస్‌కు రెండు నుంచి నాలుగు.

తిండిని బట్టి కూడా వీటిని విడదీస్తారు. ఆకులు తెంపుకు తినేవి, రాతి పైపొర గీకేవి, రాయినే తవ్వి తీసేవి. స్కారస్, హిప్పోస్కారస్ గీకుతాయి. క్లోరూరస్, సీటోస్కారస్, బోల్బోమెటోపోన్ తవ్వుతాయి. ఒక్క బోల్బోమెటోపోన్ ఏడాదికి 5 టన్నులకు పైగా దిబ్బ సున్నపురాయిని మింగుతుందని, అందులో సగానికి దగ్గరగా బతికున్న పగడాలేనని 2003లో బెల్‌వుడ్ బృందం లెక్క చెప్పింది. అదంతా ఇసుకై బయటికి వస్తుంది. మాల్దీవుల్లోని వక్కరు అనే దీవి చుట్టూ ఉన్న దిబ్బ మీద 2015లో కొలిస్తే, కొత్తగా తయారయ్యే ఇసుకలో 85 శాతానికి పైగా చిలుకచేపల నుంచే వస్తోందని తేలింది. ఇంత రాయి మింగేది దేనికోసమంటే, చాలాకాలం "నాచు కోసం" అనేవారు. 2017లో కెండల్ క్లెమెంట్స్, మరికొందరు కలిసి, వీటి అసలు ఆహారం రాతి మీద, రాతి లోపల బతికే సయనోబాక్టీరియా వంటి సూక్ష్మజీవులని వాదించారు. నాకు ఈ వాదనే సబబుగా తోస్తుంది. గొంతులో అంత మెత్తగా నూరే ఏర్పాటు ఎందుకున్నదో దీంతో బాగా అర్థమవుతుంది.

ఎప్పుడు పుట్టాయన్న ప్రశ్నకు వద్దాం. రాస్ చేపల పాత శిలాజాలు ఇటలీలో వెరోనా దగ్గరి మోంటే బోల్కా సున్నపురాయిలో ఉన్నాయి, వయసు దాదాపు 5 కోట్ల ఏళ్ళు. పగడపు దిబ్బల చేపల కుటుంబాలు చాలావాటికి తొలి ఆనవాళ్ళు అక్కడే దొరికాయి. ఫిల్లోఫారింగోడాన్ అనే బోల్కా రాస్ చేపలో గొంతు దవడ స్పష్టంగా కనిపిస్తుంది. డాంసెల్ చేపలున్నాయి, ముళ్ళతోక చేపలున్నాయి, చిలుకచేప మాత్రం ఒక్కటీ లేదు. చిలుకచేపలకు నమ్మదగిన పాత శిలాజం ఆస్ట్రియాలో దొరికింది, సుమారు 1.4 కోట్ల ఏళ్ళ నాటిది. మధ్య ఐరోపాలో అప్పుడు వెచ్చని లోతులేని సముద్రం ఉండేది. ఆ చేపను కలోటోమస్ ప్రజాతిలో పెట్టారు. ఇవాళ కలోటోమస్ హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లోనే ఉంది. కాబట్టి సముద్రగడ్డి వైపు కొమ్మ ఒకప్పుడు ఇప్పటికంటే చాలా విస్తరించి ఉండేదనుకోవాలి.

డీఎన్‌ఏలో పోగుపడ్డ మార్పులను బట్టి కాలాన్ని అంచనా వేసే డీఎన్‌ఏ గడియారం ప్రకారం చిలుకచేపల కొమ్మ మిగతా రాస్‌ల నుంచి విడిపోవడం ఈ శిలాజం కంటే చాలా ముందే జరిగింది. ఎంత ముందన్న అంకెలు ఒక్కో అధ్యయనంలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఏదో ఒక్కదాన్ని పట్టుకుని వాదించకండి. అన్నిటిలోనూ ఒకేలా కనిపించే విషయాలు రెండు. నేటి ప్రజాతుల్లో చాలావరకు మయోసీన్ యుగంలో (సుమారు 2.3 కోట్ల నుంచి 53 లక్షల ఏళ్ళ క్రితం దాకా) ఏర్పడ్డాయి. స్కారస్, క్లోరూరస్‌లలో జాతులు ఆ తర్వాత, భూగర్భ కాలమానంలో చాలా తక్కువ వ్యవధిలో, గుంపుగా పుట్టాయి. ఈ మధ్యలో సముద్రాల పటం మారింది. హిందూ మహాసముద్రానికీ మధ్యధరాకూ మధ్య ఉన్న పాత టెథిస్ సముద్రపు దారి మయోసీన్‌లోనే మూసుకుపోయింది. సుమారు 30 లక్షల ఏళ్ళ క్రితం పనామా దగ్గర నేల లేచి అట్లాంటిక్‌ను పసిఫిక్ నుంచి వేరుచేసింది. అట్లాంటిక్‌లో ఒంటరిగా మిగిలిన స్పారిసోమా అక్కడే విస్తరించింది. దాని బంధువులు గడ్డి మేస్తుంటే, స్పారిసోమాలో కొన్ని మాత్రం దిబ్బల మీదికి వచ్చి రాయి తవ్వడం సొంతంగా నేర్చాయి. రెండో వైపు కొమ్మ ఎప్పుడో చేసిన పనే ఇది, వీటికి దానితో సంబంధం లేదు.

మరి స్కారస్‌లో ఇన్ని జాతులెందుకు? "గొప్ప పరికరం దొరికింది కాబట్టి విజృంభించాయి" అన్న జవాబు మనసుకు వెంటనే నచ్చుతుంది. 2009లో ఆల్ఫారో బృందం దీన్నే పరీక్షకు పెట్టింది. గొంతులో నూరే యంత్రం వచ్చిన చోట వృక్షంలో కొమ్మల వేగం పెరగలేదు. పెరిగింది చాలా తర్వాత, స్కారస్, క్లోరూరస్‌ల దగ్గర. అప్పటికి పరికరం పాతబడిపోయింది. వేగానికి కారణం రంగులు, జత ఎంపిక కావచ్చని వాళ్ళ సూచన. ఎముకల మనిషిని కాబట్టి నాకు ఇది మింగుడు పడటానికి కొంత కాలం పట్టింది గానీ, రెండు స్కారస్ జాతుల పుర్రెలు పక్కపక్కన పెట్టుకుని తేడా వెతికినవాళ్ళెవరికైనా ఇది నిజమనిపిస్తుంది. ఎముకలు దాదాపు ఒకటే. నీళ్ళలో మగచేపల రంగులు చూస్తే పొరబడే అవకాశమే ఉండదు.

పాత పుస్తకాల్లో పేర్ల గందరగోళం ఈ రంగుల నుంచే వచ్చింది. మామూలుగా చేపల జాతులను రెక్కల ముళ్ళు, కిరణాలు లెక్కపెట్టి వేరుచేస్తారు. చిలుకచేపల్లో ఆ లెక్క పనికిరాదు. ఏ జాతి తీసుకున్నా వీపు రెక్కలో 9 ముళ్ళు, 10 కిరణాలు. అడుగు రెక్కలో 3 ముళ్ళు, 9 కిరణాలు. ఇక చేతిలో మిగిలింది రంగు. సారాయిలో వేసిన చేపకు కొద్దికాలానికే రంగు పోతుంది. పోకముందు చూసినా, ఆ రంగు వయసుతో, లింగంతో మారేది. చాలా జాతుల్లో చేప మొదట గోధుమ, బూడిద, ఎరుపు వంటి అణగిన రంగుల్లో ఉంటుంది. వాటిలో ఎక్కువ ఆడవి. కొన్ని పెద్దయ్యాక మగవిగా మారి ఆకుపచ్చ, నీలం, గులాబీ రంగులు తెచ్చుకుంటాయి. పిల్లల రంగు మళ్ళీ వేరే. సీటోస్కారస్ పిల్ల తెల్లగా ఉండి తల చుట్టూ నారింజ పట్టీతో తిరుగుతుంటే, అది పెద్ద చిలుకచేప పిల్ల అని ఎవరూ అనుకోరు.

కరీబియన్‌లోని స్పారిసోమా విరిడే సంగతి చూడండి. ఆకుపచ్చ మగచేపకు 1788లో బొనతేర్ పేరు పెట్టాడు. పొట్ట ఎర్రగా, ఒళ్ళంతా తెల్లమచ్చలతో ఉండే ఆడచేపకు 1791లో బ్లాఖ్ అనే జర్మన్ శాస్త్రవేత్త "అబిల్డ్‌గార్డై" అని వేరే పేరు పెట్టాడు. రెండూ ఒకటేనని 1950ల్లో హోవర్డ్ విన్, జాన్ బార్డాక్ వాటి నడవడి గమనించి, లింగం పరీక్షించి చెప్పేదాకా అవి రెండు జాతులుగానే చలామణి అయ్యాయి. ఇలా మొత్తం మీద చిలుకచేపలకు పడ్డ పేర్లు 350కి పైనే. ఈ చిక్కుముడి విప్పడంలో జాన్ రాండల్ చేసిన పనికి సాటి లేదు. ఆయన నీళ్ళలోకి దిగి, జంటకట్టే చేపలను గమనించి, పట్టి, రంగు మారకముందే రెక్కలు విప్పి పెట్టి ఫొటో తీసి, తర్వాత కోసి లింగం చూసేవారు. హోవార్డ్ చోట్‌తో కలిసి చాలా జంటలను ఒకే పేరు కిందికి తెచ్చారు.

రంగు నియమానికి మినహాయింపులు కూడా ఉన్నాయి. లెప్టోస్కారస్‌లో లింగం మారదు, మగది మొదటి నుంచీ మగదే. అరిస్టాటిల్ నాటి మధ్యధరా చిలుకచేప, 1758లో లిన్నేయస్ లాబ్రస్ క్రెటెన్సిస్ అన్నది, ఇప్పుడు స్పారిసోమా క్రెటెన్సే. అందులో ఎర్రగా మెరిసేది ఆడది, బూడిదరంగులో ఉండేది మగది. లిన్నేయస్ మొదట లాబ్రస్ అనే పేరు కిందే పెట్టాడన్నది గమనించారా?

కొన్ని పేర్లు కలిసిపోతే కొన్ని విడిపోయాయి. హిందూ మహాసముద్రం నుంచి పసిఫిక్ దాకా ఒకటే అనుకున్న క్లోరూరస్ సోర్డిడస్‌లో పసిఫిక్ వైపున్నవి జన్యుపరంగా వేరని తేలడంతో, వాటికి స్పిలూరస్ అన్న పాత పేరును మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. ఇలాంటి మార్పులు ఇంకా వస్తాయి, ముఖ్యంగా స్కారస్‌లో. రాస్‌లలో హాలికోయెరెస్ అయితే ఇంకా చిందరవందరగా ఉంది. ఆ పేరు మోసే చేపలు ఒకే కొమ్మవి కావు, వృక్షంలో అక్కడక్కడా చెదిరి ఉన్నాయి. దాన్ని పూర్తిగా సరిచేయాలంటే చాలా పేర్లు మారాలి.

మీరు రాసేటప్పుడు ఏ పేరు వాడాలంటే, చుట్టరికం, పరిణామం గురించైతే "లాబ్రిడే కుటుంబం, చిలుకచేపల తెగ" అని రాయండి. తెగ పేరు స్కారిని. దిబ్బల పర్యావరణం మీదో, చేపల వేట మీదో రాసేవాళ్ళు ఇంకా స్కారిడే అంటారు. రాయి గీకే చేపలను రాయి గీకని రాస్‌ల నుంచి వేరుగా లెక్కపెట్టుకోవడం వాళ్ళకు అవసరం. చేపల వర్గీకరణకు చాలామంది ఆధారంగా తీసుకునే నెల్సన్ గ్రంథం 2016 కూర్పు కూడా స్కారిడే, ఒడాసిడేలను విడిగానే ఉంచింది. మీ పుస్తకం బహుశా ఆ పద్ధతిని అనుసరించి ఉంటుంది. నా మటుకు నేను లేబుల్ మీద లాబ్రిడే అనే రాస్తాను, పాత పేరుతో వెతికేవాళ్ళ కోసం స్కారిడేను జాబితాలో ఉంచుతాను. రాయకూడనిది ఒకటే: "చిలుకచేపల పూర్వీకులు రాస్‌లు, కానీ చిలుకచేపలు రాస్‌లు కావు" అని. ఈ వాక్యం రెండు పద్ధతుల్లో దేనికీ ఒప్పదు.

ఇక నెపోలియన్ రాస్ సంగతి. అది కీలైనస్ అండ్యులేటస్. బుడిపె ఉండే చిలుకచేప బోల్బోమెటోపోన్ మ్యూరికేటమ్. పైన చెప్పినట్టు కీలైనస్ చిలుకచేపలకు దగ్గరి చుట్టమే గానీ, నుదుటి మీద ఉబ్బు రెండింటికీ విడివిడిగా వచ్చింది. మధ్యలో ఉన్న బంధువుల్లో చాలావాటికి అది లేదు. నెపోలియన్ 2 మీటర్లు దాటుతుంది, ఎక్కువగా ఒంటరిగా తిరుగుతుంది, గట్టి పెంకుల జీవులను తింటుంది. విపరీతంగా వేటాడటం వల్ల 2004లో దాన్ని, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. బోల్బోమెటోపోన్ 1.3 మీటర్ల దాకా పెరిగి మందలుగా తిరుగుతుంది. దాని మగచేపలు నుదురూ నుదురూ ఢీకొట్టుకోవడాన్ని పసిఫిక్‌లోని వేక్ దీవి దగ్గర గమనించి 2012లో ప్రచురించారు. ఫొటోలో బుడిపె ఒక్కటే చూస్తే ఎవరైనా పొరబడతారు, నోరు చూడండి. దళసరి పెదవులుండి, కంటి వెనక నుంచి సన్నని గీతలు కనిపిస్తే నెపోలియన్. పెదవులు సరిగా కప్పని తెల్లటి ముక్కు పలకలు బయటికి కనిపిస్తే బోల్బోమెటోపోన్.